అలర్జీ, ఆస్తమా పరిశోధనలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పేది

పీహెచ్‌డీకో పోస్ట్‌డాక్‌కో మా ల్యాబ్‌కి రావాలనుకునేవాళ్లు మొదట్లోనే ఒక ప్రశ్న వేస్తారు: "ఇప్పుడు ఏ మాలిక్యూల్ మీద పనిచేస్తే బాగుంటుంది?" ఐఎల్‌-33 అనో, టీఎస్‌ఎల్‌పీ అనో (రెండూ కణాల మధ్య సంకేతాలు మోసే ప్రొటీన్లు), ఐఎల్‌సీ2 అనే రోగనిరోధక కణాలనో ఆప్షన్లు కూడా వాళ్లే ఇస్తారు. నేను తిరిగి అడిగేది ఒక్కటే: ఎవరిలో? ఏ వయసువాళ్లలో, ఏ మందులు వాడుతున్నవాళ్లలో, ఎలాంటి ఆయాసం ఉన్నవాళ్లలో? అది తేలితే మాలిక్యూల్ ఎంచుకోవడం పెద్ద పనేం కాదు. అది తేల్చుకోకుండా దిగితే ఏళ్లు గడిచిపోతాయి గానీ చేతికి ఏమీ మిగలదు.

ఐఎల్‌-5 అనే సంకేత ప్రొటీన్‌ను అడ్డుకునే మెపోలిజుమాబ్ అనే ఆస్తమా మందు సంగతే చూడండి. ఎసినోఫిల్ అనే తెల్ల రక్తకణం పెరగాలంటే ఐఎల్‌-5 కావాలి. కాబట్టి ఐఎల్‌-5ను అడ్డుకుంటే ఆస్తమా తగ్గాలని లెక్క. 2000లో వచ్చిన చిన్న ట్రయల్‌లో రక్తంలో ఎసినోఫిల్స్ పడిపోయాయి గానీ, అలర్జెన్ పీల్చాక శ్వాసనాళాలు బిగుసుకోవడం మాత్రం తగ్గలేదు. 2007లో 362 మందితో చేసిన ట్రయల్ కూడా తేలిపోయింది. ఇక ఐఎల్‌-5 పనయిపోయిందని చాలామంది అనుకున్నారు. 2009లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ఒకే సంచికలో రెండు చిన్న ట్రయల్స్ వచ్చాయి, ఒకదానిలో 61 మంది, రెండోదానిలో 20 మంది. మందు అదే. మారింది మనుషులు. స్టెరాయిడ్లు వాడుతున్నా కఫంలో ఎసినోఫిల్స్ తగ్గని, తరచూ ఆయాసం ముదిరే రోగులనే ఏరి తీసుకున్నారు. ఈసారి ఆయాసం ముదిరే సందర్భాలు స్పష్టంగా తగ్గాయి. 2015లో అమెరికాలో ఆ మందుకు అనుమతి వచ్చింది. 362 మందిలో కనబడనిది 20 మందిలో ఎలా కనబడిందో మీ సొంత మాటల్లో ఎవరికైనా వివరించగలిగితే, ఈ రంగంలో సగం చదువు అయిపోయినట్టే.

ఏ డిగ్రీతో రావాలి

దీని మీద జనం పడే టెన్షన్ అంతా ఇంతా కాదు, నిజానికి అంత అవసరం లేదు. మెడిసిన్ చదివినవాళ్లూ వస్తారు, బయాలజీ చదివినవాళ్లూ వస్తారు, ఈమధ్య స్టాటిస్టిక్స్, కంప్యూటర్ సైన్స్ నుంచీ వస్తున్నారు. అందరికీ చోటుంది. కాకపోతే ఎవరి లోటు వాళ్లకుంటుంది, దాన్ని మొదటి రెండేళ్లలోనే పూడ్చుకోవాలి.

డాక్టర్లకు టైమ్ దొరకదు. ఓపీ అయ్యాక సాయంత్రం రెండు గంటలు ల్యాబ్‌లో కూర్చుంటాను అనేవాళ్లను చాలామందిని చూశాను, ఆ రెండు గంటలూ ఎప్పుడూ రావు. వారంలో కొన్ని రోజులు పూర్తిగా పరిశోధనకే అని డిపార్ట్‌మెంట్ హెడ్‌తో కాగితం మీద రాయించుకోండి. నోటిమాటగా ఒప్పుకుంటే, ఎవరైనా సెలవు పెట్టిన మొదటి వారంలోనే ఆ మాట పోతుంది. రెండోది, కనీసం ఒక్క పరీక్షైనా మీ చేత్తో మొదటి నుంచి చివరి దాకా చేయడం నేర్చుకోండి. టెక్నీషియన్ తెచ్చిచ్చిన గ్రాఫ్‌లో ఎక్కడ అనుమానించాలో, చేత్తో చేసినవాళ్లకే తెలుస్తుంది.

బయాలజీ వాళ్ల లోటు దీనికి తలకిందులు. ఐజీఈ (అలర్జీకి కారణమయ్యే యాంటీబాడీ) అణువు ఆకారం గీయగలరు గానీ, దద్దుర్లతో వచ్చిన మనిషిని ఎప్పుడూ చూసి ఉండరు. అలర్జీ క్లినిక్‌లో వారానికి ఒక పూట కూర్చోవడానికి అనుమతి అడగండి. రోగుల గోప్యతకు సంబంధించిన కాగితాల మీద సంతకం పెట్టి, ఒక మూల కుర్చీ వేసుకుని వినండి. స్పైరోమెట్రీ (గట్టిగా ఊదించి ఊపిరిని కొలిచే పరీక్ష) చేయించేటప్పుడు పక్కన నిలబడండి. "గట్టిగా, ఇంకా, ఇంకా, ఆపొద్దు" అని టెక్నీషియన్ అరుస్తుంటే రోగి ముఖం ఎర్రబడి, మూడోసారి ఊదేసరికి దగ్గు తెర మీద తెర వస్తుంది. ఎఫ్‌ఈవీ1, అంటే మొదటి సెకనులో ఎంత గాలి ఊదారో చెప్పే అంకె, అలా పుడుతుంది. చూశాక దాన్ని రెండు డెసిమల్స్ దాకా నమ్మడం మానేస్తారు.

ప్రశ్న ఎక్కడ దొరుకుతుంది

పేపర్ల చివర "ఇంకా పరిశోధన అవసరం" అని రాసిన చోట దొరకదు. అది అప్పటికే వంద మంది చదివి ఉంటారు. పుస్తకంలో రాసినదానికి సరిపడని రోగి దగ్గర దొరుకుతుంది.

దీనికి ఆల్ఫా-గాల్ కంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు. సెటుక్సిమాబ్ అనే క్యాన్సర్ మందు ఎక్కించగానే, మొదటి డోసుకే, కొందరు రోగులు అనాఫిలాక్సిస్ (ప్రాణం మీదకు తెచ్చే అలర్జీ రియాక్షన్) లోకి వెళ్లారు. అదీ అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లోనే ఎక్కువ. మొదటి డోసుకే అలర్జీ అంటే, ఆ మనిషి ఒంట్లో ఐజీఈ ముందే తయారై ఉండాలి కదా. అలర్జీ పరిశోధకుడు థామస్ ప్లాట్స్-మిల్స్, ఆయన సహచరులు మందు ఎక్కించకముందు తీసి నిల్వ ఉంచిన సీరం శాంపిల్స్ పరీక్షిస్తే, నిజంగానే ఐజీఈ ఉంది. అది మందులోని ఆల్ఫా-గాల్ అనే చక్కెర మీద ఉంది. 2008లో ఆ పేపర్ వచ్చింది. అదే చక్కెర ఆవు, పంది, గొర్రె మాంసంలోనూ ఉంటుంది. ఈ ఐజీఈ ఉన్నవాళ్లకు అలాంటి మాంసం తిన్న 3 నుంచి 6 గంటల తర్వాత ఒళ్లంతా దద్దుర్లు వస్తాయని తర్వాత తేలింది. ఈ ఐజీఈ తయారుకావడానికి కారణం పిడుదు కాటు అని కూడా తేలింది. తిన్న నిమిషాల్లో రావాలి, ప్రొటీన్ మీద రావాలి అని అందరూ నేర్చుకున్న రెండు సూత్రాలూ ఇక్కడ వర్తించలేదు. అర్ధరాత్రి దద్దుర్లతో లేచి, సాయంత్రం తిన్న మాంసం వల్లేమో అని చెప్పిన రోగిని అంతకు ముందు ఎంతమంది డాక్టర్లు కొట్టిపారేసి ఉంటారో!

ఇక్కడ గమనించాల్సింది, ఆ పాత సీరం ఎవరో జాగ్రత్తగా దాచి ఉంచబట్టే ఆ ప్రశ్నకు జవాబు దొరికింది. అందుకే క్లినిక్‌లో కూర్చునేటప్పుడు ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. రోగి పేరు రాయొద్దు. సరిపడని సంగతి ఏమిటో, ఏ సూత్రానికి సరిపడలేదో రాయండి. ఒకే సంగతి రెండోసారి కనబడితే కింద గీత గీయండి. మూడోసారి కనబడితే మీ గైడ్ దగ్గరికి వెళ్లండి.

ప్రశ్న దొరకడం ఒక ఎత్తు, దాన్ని ట్రయల్ దాకా లాక్కెళ్లడం మరో ఎత్తు. లండన్ అలర్జీ డాక్టర్ గిడియన్ లాక్ బృందం బ్రిటన్‌లోని యూదు పిల్లల్లో, ఇజ్రాయెల్ పిల్లల్లో వేరుశనగ అలర్జీని పోల్చి చూసింది. బ్రిటన్‌లో సుమారు పది రెట్లు ఎక్కువ. ఇజ్రాయెల్‌లో పసిపిల్లలకు వేరుశనగ ముందునుంచే పెడతారు, బ్రిటన్‌లో అప్పట్లో పెట్టేవారు కాదు. ఇది 2008లో వచ్చిన సర్వే. సర్వేతో ఆగి ఉంటే అది ఓ ఆసక్తికరమైన పేపర్‌గా మిగిలిపోయేది. వాళ్లు 4 నుంచి 11 నెలల పిల్లలు 640 మందిని తీసుకుని, సగం మందికి పెట్టి, సగం మందికి పెట్టకుండా, ఐదేళ్ల వయసు వచ్చేదాకా ఆగారు. 2015లో ఫలితం వచ్చింది. మొదట్లో చర్మ పరీక్ష నెగెటివ్ ఉన్న పిల్లల్లో, వేరుశనగ పెట్టనివాళ్లలో 13.7 శాతానికి అలర్జీ వస్తే, పెట్టినవాళ్లలో 1.9 శాతానికే వచ్చింది. పసిపిల్లల ఆహారం మీద డాక్టర్లు ఇచ్చే సలహా తిరగబడింది. అన్నేళ్లు ఆగే ఓపిక, ఆగనిచ్చే ఫండింగ్ రెండూ ఉంటేనే ఇలాంటి ప్రశ్న ఎత్తుకోండి. మొదటి ఉద్యోగం ఇంకా దొరకనివాళ్లు దీనితో పాటు, రెండేళ్లలో తేలే ఒక చిన్న ప్రశ్న కూడా పక్కన పెట్టుకోవాలి.

ఒక పనిలో చేయి తిరగాలి

ఆలోచనలు చాలామందికి వస్తాయి. కానీ "ఈ పరీక్షకైతే ఆ ల్యాబ్‌లో ఫలానా మనిషిని అడగండి" అనిపించుకున్నవాళ్లకు పని వెతుక్కుంటూ వస్తుంది. నా విషయంలో అది కఫం పరీక్ష. వినడానికే ఎవరికీ ఇష్టం ఉండదు, అందుకే పోటీ తక్కువ!

రోగికి ముందు సాల్బుటమాల్ (శ్వాసనాళాలు తెరిచే మందు) ఇచ్చి, మామూలు సెలైన్ కంటే చిక్కని ఉప్పు నీటిని నెబ్యులైజర్‌తో పీల్పిస్తాం, 3 శాతం, 4 శాతం, 5 శాతం అలా. ప్రతి దఫా తర్వాత ఊదించి చూస్తాం. ఎఫ్‌ఈవీ1 20 శాతం పడిందంటే అక్కడితో ఆపేయాలి. కఫం వచ్చాక రెండు గంటల లోపు ల్యాబ్‌లో ఉండాలి. పెట్రీ డిష్‌ను నల్లటి కాగితం మీద పెడితే లాలాజలం నీళ్లలా పరుచుకుంటుంది, అందులో గట్టిగా, మబ్బుగా ఉన్న ముద్దలు వేరుగా కనబడతాయి. ఊపిరితిత్తుల్లోంచి వచ్చింది ఆ ముద్దలే. ఫోర్సెప్స్‌తో వాటిని మాత్రమే ఏరి, తూకం వేసి, దానికి నాలుగు రెట్లు 0.1 శాతం డీటీటీ పోస్తే జిగురు కరుగుతుంది. 48 మైక్రాన్ల నైలాన్ జల్లెడలో వడగట్టి, స్లైడ్ మీద పరిచి, రంగు వేసి, 400 కణాలు లెక్కపెట్టాలి. వాటిలో ఎసినోఫిల్స్ 3 శాతం దాటితే అది ఎసినోఫిలిక్ ఆస్తమా కింద లెక్క.

మొదట్లో అందరూ ఏరడం దగ్గర బద్ధకిస్తారు. అంతా కలిపి వడగట్టేస్తే స్లైడ్ నిండా నోటి లోపలి పొర కణాలే, పెద్ద పెద్ద చపటా పలకల్లా. అలాంటి స్లైడ్‌లో ఎసినోఫిల్ శాతం ఎంత వచ్చినా నేను ఒప్పుకోను. కొత్తగా వచ్చినవాళ్లకు స్లైడ్ మీద పేరు కనబడకుండా టేప్ వేసి, ఇద్దరితో విడివిడిగా లెక్క పెట్టిస్తాను. ఇద్దరి లెక్కా దగ్గర పడేదాకా రోగి శాంపిల్ ముట్టనివ్వను.

మీకు కఫం వద్దనుకుంటే బేసోఫిల్ యాక్టివేషన్ టెస్ట్ ఉంది. బేసోఫిల్స్ అలర్జీలో పాల్గొనే తెల్ల రక్తకణాలు, రక్తంలోని తెల్లకణాల్లో ఇవి 1 శాతం కూడా ఉండవు. అలర్జెన్ కలిపాక వాటి పైపొర మీదకి సీడీ63 అనే ప్రొటీన్ తేలుతుందో లేదో ఫ్లో సైటోమీటర్ (కణాలను ఒక్కొక్కటిగా పరీక్షించే యంత్రం) లో చూస్తాం. రక్తం తీసిన రోజే చేసేస్తే మంచిది, నిల్వ ఉంచి చేసే పరీక్ష కాదిది. కొందరి బేసోఫిల్స్ యాంటీ-ఐజీఈ (వాటిని మామూలుగా రేపే పదార్థం) పోసినా కదలవు. వాళ్లను నెగెటివ్ అని రాయకూడదు, "స్పందించలేదు" అని వేరే గడిలో రాయాలి. ఈ చిన్న తేడా తెలీకుండా వేసిన పేపర్లు నేను రివ్యూకి వచ్చినప్పుడు వెనక్కి పంపాను.

ఏ పరీక్ష నేర్చుకున్నా శాంపిల్ చరిత్ర మాత్రం రాయడం మానొద్దు. రక్తం ఏ టైమ్‌కి తీశారు? ఎసినోఫిల్ లెక్క పొద్దున ఒకలా, రాత్రి ఒకలా ఉంటుంది. ముందు రోజు ప్రెడ్నిసలోన్ మాత్ర వేసుకున్నారా? గంటల్లోనే ఎసినోఫిల్స్ మాయమవుతాయి. ఫైకాల్ అనే ద్రవం మీద వేరుచేసి ఫ్రీజ్ చేసిన కణాల్లో లింఫోసైట్లు, మోనోసైట్లు ఉంటాయి గానీ న్యూట్రోఫిల్స్, ఎసినోఫిల్స్ అప్పటికే అడుగుకి పోయి ఉంటాయి. మూడేళ్లు శాంపిల్స్ పోగేశాక "వీటిలో ఎసినోఫిల్స్ చూద్దాం" అనుకుంటే కుదరదు. ఏం చూడాలో మొదటి రోగి రాకముందే తేలాలి.

చిట్టెలుకల గురించి రెండు మాటలు

ఎలుకలు లేకపోతే ఈ సబ్జెక్టే లేదు. 1986లో మోస్మన్, కాఫ్‌మన్ ఎలుక టీ సెల్స్ అనే రోగనిరోధక కణాలను రెండు రకాలుగా విడగొట్టారు, టీహెచ్‌1, టీహెచ్‌2. ఆ తర్వాత ఆస్తమా గురించి జరిగిన ఆలోచనంతా చాలాకాలం దాని చుట్టూనే తిరిగింది. అలాగని ఎలుకకు నయమైందంటే మనిషికి నయమవుతుందని అనుకోకండి. ఎలుకకు దానంతట అదిగా ఆస్తమా రాదు, మనమే తెప్పిస్తాం. ఎలుకలో అనాఫిలాక్సిస్ ఐజీఈ లేకుండా ఐజీజీ అనే ఇంకో యాంటీబాడీ దారిలో కూడా వస్తుంది. బాల్బ్-సి రకం ఎలుకల్లో వచ్చిన ఫలితం బ్లాక్-6 రకం ఎలుకల్లో రాకపోవచ్చు.

డస్ట్ మైట్ (ఇంటి దుమ్ములోని అతి చిన్న పురుగు) ఎక్స్‌ట్రాక్ట్ వాడుతుంటే డబ్బా మీది లాట్ నంబర్ నోట్‌బుక్‌లో రాయండి. ఒక లాట్‌కీ ఇంకో లాట్‌కీ డెర్ పి 1 (మైట్‌లోని ప్రధాన అలర్జెన్) మోతాదు మారుతుంది, ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా విషపదార్థం) అయితే మరీ మారుతుంది. ఎండోటాక్సిన్ మారితే ఊపిరితిత్తుల వాపు రంగే మారిపోతుంది. ప్రయోగం మధ్యలో లాట్ అయిపోకుండా మొత్తానికి సరిపడా ఒకేసారి తెప్పించండి.

ఇంకో సంగతి, దీన్ని ఎవరూ ముందుగా చెప్పరు. ఎలుకలతో పనిచేసేవాళ్లలో కొందరికి ఎలుక అలర్జీ వస్తుంది. ఎలుక మూత్రంలోని మస్ ఎమ్ 1 అనే ప్రొటీన్ దానికి ప్రధాన కారణం, మగ ఎలుకల్లో అది మరీ ఎక్కువ. మొదట ముక్కు కారడం, కళ్ల దురద, తర్వాత పిల్లికూతలు. అలర్జీ చదివేవాళ్లం మనకు రాదులే అనుకోకండి. మొదటి రోజునుంచే ఎన్95 మాస్క్, గ్లౌజులు, గౌను వేసుకోండి. బోను శుభ్రం చేసే పనిని హుడ్ కిందే చేయండి. తుమ్ములు మొదలైతే దాచుకోకుండా ఆక్యుపేషనల్ హెల్త్ వాళ్లకు చెప్పండి. దాచుకుని ఆస్తమా దాకా తెచ్చుకుని, చివరికి సబ్జెక్టే మార్చుకోవాల్సి వచ్చినవాళ్లు ఉన్నారు.

అంకెలు ఎక్కడ మోసం చేస్తాయి

ఒంట్లో ఐజీఈ ఉండటం వేరు, అలర్జీ ఉండటం వేరు. ఒక పదార్థం మీద ఐజీఈ 0.35 kU/L దాటినా, చర్మ పరీక్షలో 3 మిల్లీమీటర్ల దద్దురు లేచినా, ఆ పదార్థం హాయిగా తినేవాళ్లు బోలెడు మంది. ఆహార అలర్జీలో చివరి మాట డబుల్ బ్లైండ్ ఫుడ్ ఛాలెంజ్‌దే, అంటే ఏది అసలు పదార్థమో రోగికీ డాక్టర్‌కీ తెలియకుండా తినిపించి చూసే పరీక్షదే. మీ పేపర్‌లో "అలర్జీ రోగులు" అని రాసేముందు, వాళ్లకు ఐజీఈ ఉందని మాత్రమే తెలుసా, తింటే రియాక్షన్ వస్తుందని కూడా తెలుసా అని చూసుకోండి. నేను ఏ పేపర్ చదివినా ముందు మెథడ్స్‌లో ఆ ఒక్క వాక్యం వెతుకుతాను.

ఆస్తమాలో ఇంకో తిరకాసు. 2011లో వచ్చిన ఒక ట్రయల్‌లో రోగులకు నాలుగు రకాలుగా చేసి చూశారు: అసలు ఇన్‌హేలర్, ఉత్తుత్తి ఇన్‌హేలర్, ఉత్తుత్తి ఆక్యుపంక్చర్, ఏమీ ఇవ్వకపోవడం. ఎఫ్‌ఈవీ1 అసలు మందుతో 20 శాతం పెరిగింది, మిగతా మూడింటిలో 7 శాతం దగ్గరే ఆగింది. కానీ "మీకు ఎంత తగ్గింది?" అని అడిగితే అసలు మందుకు 50 శాతం, ఉత్తుత్తి ఇన్‌హేలర్‌కు 45 శాతం, ఉత్తుత్తి సూదులకు 46 శాతం అన్నారు. ఏమీ ఇవ్వనప్పుడు 21 శాతం. కాబట్టి మీ ట్రయల్‌లో దేన్ని ఫలితంగా లెక్కిస్తారన్నది ముందే రిజిస్టర్ చేయండి. డేటా చూశాక ఫలితాన్ని మారిస్తే, రివ్యూయర్ పట్టుకోకపోయినా రిజిస్ట్రీ పట్టిస్తుంది.

ఇక ఒకే మనిషి రక్తాన్ని ల్యాబ్ ప్లేట్‌లోని 12 వెల్స్ (గుంటలు) లో పోసి n=12, అంటే పన్నెండు మంది, అని రాయడం. ఇది ఇంకా జరుగుతోంది. అది n=1. పన్నెండు మందిని తీసుకురండి.

ల్యాబ్‌నీ గైడ్‌నీ ఎంచుకోవడం

పేరున్న ల్యాబ్ అని కాదు, అక్కడినుంచి బయటికి వెళ్లినవాళ్లు ఇప్పుడెక్కడున్నారో వెతకండి. గత ఐదారేళ్లలో వెళ్లిపోయిన ముగ్గురితో విడిగా మాట్లాడండి. "ఆయన మంచివారా?" అని అడిగితే అందరూ అవుననే అంటారు. "మీ డ్రాఫ్ట్ ఇచ్చాక దిద్ది ఇవ్వడానికి ఎన్నాళ్లు పట్టేది? మొదటి పేరు ఎవరిదన్నది ఎప్పుడు తేల్చేవారు? వెళ్లేటప్పుడు మీ ప్రాజెక్టు తీసుకెళ్లనిచ్చారా?" అని అడగండి. సమాధానం చెప్పేముందు వాళ్లు ఆగిన తీరులోనే చాలా తెలుస్తుంది. ఇంకోటి, ఆ ల్యాబ్‌కి రోగులు ఎక్కడినుంచి వస్తారో చూడండి. క్లినిక్ అదే బిల్డింగ్‌లో ఉందా, రక్తం కొరియర్‌లో వస్తుందా? రెండోదైతే తాజా కణాలతో చేసే పనులన్నీ మర్చిపోండి.

ల్యాబ్‌కి మెయిల్ రాసేటప్పుడు "మీ గొప్ప పరిశోధనకు ముగ్ధులమై" లాంటివి వద్దు. వాళ్ల పేపర్ ఒకటి చదివి, అందులో ఏ ఫిగర్ మీకు నమ్మకంగా అనిపించలేదో, ఎందుకనిపించలేదో నాలుగు వాక్యాల్లో మర్యాదగా రాయండి. నేనైతే అలాంటి మెయిల్‌కి తప్పకుండా జవాబిస్తాను.

డబ్బు, కాలం

గ్రాంట్ రాయడం గురించి మొదట చెప్పేది కేలెండర్. పుప్పొడి అలర్జీ మీద పని అయితే, గాలిలో పుప్పొడి ఉన్న కొన్ని వారాలే మీ ఏడాది. ఎథిక్స్ కమిటీ అనుమతి ఒక నెల ఆలస్యమైతే పోయేది నెల కాదు, సంవత్సరం. అందుకని సీజన్‌కి ఏడాది ముందే కాగితాలు కదపండి. రోగులను సీజన్ ముందు ఒకసారి, నడుస్తుండగా ఒకసారి, అయిపోయాక ఒకసారి చూసేలా ప్లాన్ వేయండి. మూడేళ్ల గ్రాంట్ అంటే ఎక్కువలో ఎక్కువ మూడు సీజన్లు, నిజానికి రెండే అనుకోండి.

గ్రాంట్ మొదటి పేజీలో పరికల్పన ఒక్క వాక్యంలో ఉండాలి, అది తప్పని తేలే అవకాశం కూడా అందులోనే కనబడాలి. రెండో లక్ష్యం మొదటి లక్ష్యం గెలిస్తేనే నడిచేలా పెట్టకండి, మొదటిది పోతే మొత్తం కూలుతుంది. రివ్యూ కమిటీల్లో కూర్చున్నప్పుడు నేను చూసినంతలో, మంచి ఐడియాలు ఎక్కువగా పోయేది రోగులు ఎక్కడినుంచి వస్తారో చెప్పలేకపోవడం వల్లే. "నెలకు ఇంతమంది వస్తారు, అందులో అర్హులు ఇంతమంది, ఒప్పుకునేది ఇంతమంది" అని మీ క్లినిక్ రిజిస్టర్ లెక్క చూపించండి. ఊహ వద్దు. మందుల కంపెనీ డబ్బు తీసుకోవడం తప్పేమీ కాదు, ఈ రంగంలో బయోలాజిక్స్ (మెపోలిజుమాబ్ లాంటి యాంటీబాడీ మందులు) దాదాపు అన్నీ కంపెనీల ట్రయల్స్ మీదే నడిచాయి. కాకపోతే ఫలితం ఎలా వచ్చినా ప్రచురించే హక్కు మీదేనని ఒప్పందంలో ఉండాలి, ఆ డబ్బు సంగతి ప్రతి పేపర్‌లో రాయాలి.

మనుషుల మీద ప్రయోగం

ఇక్కడ నేను కొంచెం కఠినంగానే ఉంటాను. 2001లో ఒక ఆస్తమా ప్రయోగంలో హెక్సామెథోనియం అనే మందు పీల్చిన ఆరోగ్యవంతురాలైన వాలంటీర్ ఊపిరితిత్తులు దెబ్బతిని చనిపోయింది. ఆ మందు ఊపిరితిత్తులకు హాని చేస్తుందని 1950ల పేపర్లలోనే ఉంది. అప్పట్లో ఆన్‌లైన్ డేటాబేస్‌లో 1966 కంటే పాత పేపర్లు దొరికేవి కావు. అంటే కంప్యూటర్‌లో వెతికితే కనబడలేదు, లైబ్రరీలో ఉంది. ఏదైనా పదార్థం మనిషికి పీల్పించేముందు, తినిపించేముందు లైబ్రేరియన్‌ను కూర్చోబెట్టి పాత సాహిత్యం వెతికించండి. మీరు వెతికారనడం చాలదు, ఎక్కడ వెతికారో, ఏ పదాలతో వెతికారో ఫైల్‌లో ఉండాలి.

ఛాలెంజ్ చేసే గదిలో అడ్రినలిన్ అలమారాలో కాదు, ట్రేలో ఉండాలి. ఆ రోజు డ్యూటీలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఈ రోగి బరువుకు ఎంత మోతాదో పొద్దున్నే తెలిసుండాలి: కిలోకు 0.01 మిల్లీగ్రాములు, పెద్దవాళ్లకు 0.5 మించకుండా, తొడ బయటి వైపు కండరంలోకి. యాంటీహిస్టమిన్ ఇచ్చి చూద్దాం అనేవాళ్లు నా గదిలో ఛాలెంజ్ చేయరు. రోగికి ఇచ్చే సమ్మతి పత్రం మీరే రాసి, సైన్సుతో సంబంధం లేని మనిషి ఒకరికి చదివించి, ఏమర్థమైందో తిరిగి చెప్పించుకోండి.

సొంత ల్యాబ్ పెట్టుకునే ముందు

పోస్ట్‌డాక్ చివరి ఏడాదిలో గైడ్‌తో కూర్చుని, ఏది మీతో వస్తుందో, ఏది అక్కడే ఉంటుందో మాట్లాడుకోవాలి. చాలామంది ఇబ్బందిగా ఉంటుందని వాయిదా వేస్తారు. ఉంటుంది, అయినా అడగాలి. మీ గైడ్ చేసే ప్రశ్నకే చిన్న తమ్ముడిలాంటి ప్రశ్న తీసుకెళ్తే గ్రాంట్ కమిటీ "ఇది ఆయన పనే కదా" అంటుంది. పరీక్ష అదే ఉంచుకుని రోగులను మార్చండి. పెద్దవాళ్ల ఆస్తమాలో నేర్చుకున్న కఫం పరీక్షను, ఎసినోఫిల్స్ లేని ఆస్తమా వైపో, ఉద్యోగం వల్ల వచ్చే ఆస్తమా వైపో తీసుకెళ్లొచ్చు. ఎసినోఫిల్స్ లేనివాళ్లకు మన దగ్గర ఇంకా సరైన మందులు తక్కువే, పని బోలెడుంది.

శాంపిల్స్ మాత్రం మీరు తీసినవైనా మీవి కావు. రోగి ఏ పనికి ఒప్పుకున్నారో ఆ పనికే, ఏ సంస్థకు ఇచ్చారో ఆ సంస్థవే. కొత్త చోటుకి తీసుకెళ్లాలంటే పాత సమ్మతి పత్రంలో ఆ వీలుందో లేదో చూడాలి, లేకపోతే ఎథిక్స్ కమిటీని మళ్లీ అడగాలి, రెండు సంస్థల మధ్య మెటీరియల్ ట్రాన్స్‌ఫర్ ఒప్పందం కావాలి. ఇదంతా నెలలు పట్టే పని. ఆఫర్ లెటర్ వచ్చిన వారమే మొదలుపెట్టండి. ఒప్పందం మీద రెండు వైపులా సంతకాలు పడ్డాకే డ్రై ఐస్ ఆర్డర్ చేయండి.